'చాలా బాగా చెప్పారు' అని రాస్తే మార్కులెందుకు పడవు?

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల్లో ఇది సెమినార్ల కాలం. ఏదో ఒక సామాజిక సమస్య తీసుకుని క్లాసు ముందు మాట్లాడడం ఒక పని. తోటివాళ్లు మాట్లాడింది విని, వాళ్లు ఒప్పించిన తీరు మీద పరిశీలన పత్రం రాయడం ఇంకో పని. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ రెండో దాని గురించే. వక్తృత్వం, వ్యాసరచన బోధించే అధ్యాపకులు జవాబులు రాశారు.

ప్రశ్న: మా క్లాసులో ఆరుగురి సెమినార్లు విని ఒక్కోదాని మీద పేజీన్నర పరిశీలన రాయమన్నారు. వలసలు, బాల్య వివాహాలు, తాగునీరు లాంటి అంశాలు. ఎవరు ఏం చెప్పారో వరసగా రాసి, చివర 'చాలా బాగా చెప్పారు' అని పెట్టాను. "ఇది సారాంశం, పరిశీలన కాదు" అని సార్ తిప్పి పంపారు. తేడా ఏంటి?
– బీఈడీ విద్యార్థిని, కర్నూలు

సమాధానం: మీ సార్ అన్నది సబబే. వక్త ఏం చెప్పిందో సారాంశంలో ఉంటుంది. అలా చెప్పడం విన్నవాళ్ల మీద ఎలా పనిచేసిందో పరిశీలనలో ఉండాలి. అంశం మంచిదని మీరు రాయనక్కర్లేదు. వలస కూలీల పిల్లలు చదువుకోవాలంటే క్లాసులో కాదనేవాళ్లెవరు? ఆ ఎనిమిది నిమిషాల్లో ఏ మాట దగ్గర అందరూ తలెత్తారు, ఏ మాట దగ్గర ఫోన్లు బయటికొచ్చాయి, ఎందుకు అన్నదే మీ పేజీన్నర.

సగం పని వింటున్నప్పుడే అయిపోవాలి. నోట్‌బుక్ పేజీని నిలువుగా మూడు గడులు చేయండి. ఎడమ పక్క సన్నటి గడిలో టైం. మధ్యలో వెడల్పాటి గడిలో వక్త అన్న మాట, అన్నది అన్నట్టు. కుడి గడిలో మీకు అప్పుడు తోచింది, రెండు మూడు ముక్కల్లో. ఎనిమిది నిమిషాల ప్రసంగానికి ఎనిమిదో పదో నమోదులు చాలు. ఇంకా ఎక్కువ రాసుకోబోతే వినడం ఆగిపోతుంది. మొదటి అర నిమిషం, చివరి అర నిమిషం మాత్రం వదలకుండా రాసుకోండి. వినేవాళ్లను లోపలికి పిలిచే మాట మొదట్లో ఉంటుంది, వాళ్లను ఏం చేయమంటున్నారో ఆఖర్న ఉంటుంది. మధ్యలో ఊళ్ల పేర్లు, అంకెలు, ఉదాహరణలు, మీకు అనుమానం వచ్చిన చోటు పట్టుకుంటే సరిపోతుంది. ఆ రాత్రికే రాసేయండి. రెండు రోజులు ఆగితే కుడి గడిలో 'ఇక్కడ తేలిపోయింది' అని ఉంటుంది గానీ, తేలిపోయింది ఏదో గుర్తుండదు.

పేజీన్నర అంటే దాదాపు 350 మాటలు. అందులో సారాంశం 60 మాటలు దాటనివ్వద్దు. తర్వాత 200 మాటల్లో రెండే రెండు ఘట్టాలు తీసుకోండి, ఒకటి పండింది, ఒకటి పండనిది. ఇంకో 60 మాటల్లో ఆ ప్రసంగం విన్నాక మీ ఆలోచన ఎక్కడ మారింది, ఎక్కడ మారలేదు అనేది రాయండి. మిగిలిన 30 మాటలు, రేపు మీ సెమినార్‌లో మార్చుకోబోయే ఒకే ఒక్క సంగతికి.

కోసిగి, పెద్దకడబూరు వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వెళ్లే కుటుంబాల మీద ఒకమ్మాయి మాట్లాడిందనుకుందాం. "వలసల గురించి హృదయానికి హత్తుకునేలా చెప్పింది. గణాంకాలు కూడా ఇచ్చి ఉంటే బాగుండేది" అని రాస్తారు చాలామంది. ఈ రెండు వాక్యాలూ కోసి ఏ సెమినార్ కింద అతికించినా అతుకుతాయి. అదే ఇలా రాసి చూడండి:

"'సంక్రాంతి దాటినాక హాజరు పట్టీలో గైర్హాజరు గుర్తులు మొదలైతాయి, ఎండాకాలం దాకా ఆగవు' అని మొదలుపెట్టింది. వలస అనే మాట ఇంకా రానేలేదు. అయినా రేపు టీచర్లం కాబోయే మాకందరికీ ఆ పట్టీ కళ్లముందు నిలిచింది. ఐదో నిమిషంలో 'ప్రభుత్వం పట్టించుకోవాలి' అంది. పట్టు అక్కడ సడలింది. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లనే ఏర్పాటు ఇప్పటికే ఉంది. అది ఉండగా కూడా పిల్లలు అమ్మానాన్నల వెంట ఎందుకు వెళ్తున్నారో చెప్పలేదు. దాంతో ఎవరిని ఏం అడగాలో మాకు తెలియకుండా పోయింది."

ఇందులో వక్త సొంత మాట ఉంది, అది వచ్చిన నిమిషం ఉంది, విన్నవాళ్లెవరో ఉంది, కారణమూ ఉంది. ఈ పేరా ఇంకెవరి సెమినార్‌కూ అతకదు.

ప్రశ్న: అరిస్టాటిల్ చెప్పిన ఈథోస్, పేథోస్, లోగోస్ మూడింటినీ ప్రతి సెమినార్‌లోనూ వెతకమన్నారు మా మేడం. "ఈథోస్ ఉంది, పేథోస్ ఉంది, లోగోస్ తక్కువ" అని రాస్తుంటే అందరివీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తున్నాయి. ఏం చేయాలి?
– డిగ్రీ రెండో సంవత్సరం, కడప

సమాధానం: పేరు పెట్టి వదిలేస్తే అట్లే వస్తాయి మరి. ఈథోస్ అంటే మాట్లాడే మనిషి మీద నమ్మకం, పేథోస్ అంటే వినేవాళ్ల మనసులో కదలిక, లోగోస్ అంటే వాదనలో పట్టు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ వీటిని విడదీసి చూపింది, మాటకు బలం ఎక్కణ్నుంచి వస్తోందో కనిపెట్టడానికి. ఒకే వాక్యం మూడు పనులూ చేయొచ్చు. "మా నాయన ఇరవై ఏండ్లుగా శనక్కాయ వేస్తున్నాడు, అందులో ఆరేండ్లు పెట్టుబడి కూడా రాలేదు" అని ఒకమ్మాయి అంటే, మాట్లాడే అర్హత తనకుందని అది చెబుతుంది, విన్నవాళ్లను తాకుతుంది, ఒక లెక్క కూడా ముందు పెడుతుంది. కాబట్టి 'ఏది ఉంది' అని వెతకడం మాని, 'ఈ వాక్యం తీసేస్తే ఏం కూలుతుంది' అని అడగండి. ఏమీ కూలకపోతే అది అలంకారానికి పెట్టిన వాక్యం. అదే రాయండి.

వాదన సంగతికొస్తే, మన న్యాయశాస్త్రంలో (కోర్టు చట్టాలు కాదు, పాత తర్కశాస్త్రం) ఇంతకంటే వాడుకైన పనిముట్టు ఉంది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఐదు మెట్లు. పాత ఉదాహరణ అందరూ చదివిందే: కొండ మీద నిప్పుంది, పొగ ఉంది కాబట్టి, పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో లాగా, ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, కాబట్టి నిప్పుంది.

దీన్ని ఫ్లోరైడ్ మీద సెమినార్‌కు తగిలించి చూడండి. మా ఊరి బోరు నీళ్లు తాగకూడదు, ఇది ప్రతిజ్ఞ. ఫ్లోరైడ్ ఎక్కువుంది కాబట్టి, ఇది హేతువు. అలాంటి నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఊళ్లలో పిల్లల పళ్లకు గార మచ్చలు, పెద్దల ఎముకలు బిగుసుకుపోవడం చూస్తున్నాం, ఇది ఉదాహరణ. మా ఊరి బోరులోనూ ఫ్లోరైడ్ ఆ స్థాయిలోనే ఉంది, ఇది ఉపనయం. ఆఖరిది నిగమనం. విద్యార్థులు దాదాపు ఎప్పుడూ ఎగ్గొట్టేది నాలుగో మెట్టు. జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య ఉందని చెబుతారు, ఆ ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయించి ఉండరు. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. పక్కపక్క బోర్లలోనే ఈ అంకె మారిపోవచ్చు. అందుకే ఆ ఊరి పరీక్ష ఫలితం లేకుండా వాదన నిలవదు.

ఇదే అంశంలో తరచూ దొర్లే ఇంకో తప్పు, చివర్న 'నీళ్లు మరగబెట్టి తాగాలి' అనడం. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. 'చూపిన పరిష్కారం చెప్పిన సమస్యకు చెందింది కాదు' అని ఒక్క వాక్యం, కారణంతో కలిపి రాస్తే, మీ మేడం అడిగిన లోగోస్ అదే.

ప్రశ్న: మా క్లాసతను కరువు, రైతుల ఆత్మహత్యల మీద మాట్లాడాడు. సగం క్లాసు ఏడ్చింది, నేను కూడా. హాస్టల్‌కు వచ్చాక చూస్తే ఆయన ఏం చెప్పాడో ఒక్కటీ గుర్తు లేదు. ఇది రాస్తే రైతుల మీద జాలి లేదనుకుంటారేమో అని భయం.
– ఎం.ఏ. తెలుగు, అనంతపురం

సమాధానం: అనుకోరు. ముందు మీరు ఏడ్చిన సంగతి కూడా రాయండి, అదీ ప్రసంగం చేసిన పనే కదా. తర్వాత మీ ఉత్తరంలో ఉన్న రెండో వాక్యం రాయండి. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందన్నదే మీ పరిశీలన.

ఏడిపించడం తప్పేం కాదు. ఆ కన్నీళ్లు వినేవాణ్ని వాదనలోకి తీసుకెళ్లాయా, వాదన ఉండాల్సిన చోట అవే కూర్చున్నాయా అన్నది చూడాలి. దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. ప్రసంగంలో గుండె బరువెక్కించిన వాక్యం వెతికి పట్టుకోండి, దాని పక్క వాక్యం ఏమిటో చూడండి. పక్కన ఒక కారణం వస్తే, మెత్తబడిన మనసులో ఆ కారణం నాటుకుంటుంది. పక్కన ఇంకో విషాదం, దాని పక్కన మరో విషాదం వస్తే, మూడో దానికల్లా వినేవాళ్లు అలసిపోతారు. మీకు ఏమీ గుర్తు లేకపోవడానికి బహుశా ఇదే కారణం.

పక్కన ఏం రావచ్చో కూడా రాస్తే పరిశీలనకు బరువొస్తుంది. 'వానల్లేక పంట ఎండింది' అని ఆయన అన్నాడనుకుందాం. అనంతపురం సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. చెడ్డ ఏడాది అంటే ఈ మొత్తం తగ్గడం ఒక్కటే అనుకుంటారు. జూన్, జులైలో విత్తిన శనక్కాయకు ఊడలు దిగేటప్పుడో, కాయ ఊరేటప్పుడో వారాల తరబడి చినుకు రాలకుండా ఉండి, ఆ తర్వాత నాలుగు రోజుల్లో కుండపోతగా కురిస్తే, సగటు సరిపోతుంది, బుడ్డలు మాత్రం గింజ కట్టవు. కాగితం మీద వాన కురిసినట్టే, చేన్లో పంట పోయినట్టే. దీని పక్కనే కౌలు రైతు సంగతి. పాసుపుస్తకం భూమి యజమాని పేరున ఉంటుంది గనక బ్యాంకులో పంట రుణం అందడం కష్టం, బయట వడ్డీకి తెచ్చుకోవాలి. ఇందులో ఏ ఒక్కటైనా ఆ కన్నీటి వాక్యం వెనకే వచ్చి ఉంటే హాస్టల్ దాకా మీతో వచ్చేది.

'అనంతపురం ఎడారి అయిపోతోంది' లాంటి మాట ఆయన వాడి ఉంటే దాన్నీ వదలొద్దు. వినడానికి బలంగా ఉంటుంది గానీ, ఎడారి అనగానే నేరం ప్రకృతిదైపోతుంది. అప్పు, విత్తనం, ధర, బోర్లు, ఇవన్నీ తెర వెనక్కి పోతాయి. పోలిక దేన్ని చూపిస్తోంది, దేన్ని దాస్తోంది అని రెండు వాక్యాలు రాయగలిగితే మంచి మార్కులు మీవే.

ఇక మర్యాదకు సంబంధించిన సంగతి. చనిపోయిన రైతు ఫొటో స్లైడ్ మీద వేసినా, ఎలా చనిపోయాడో వివరంగా వర్ణించినా, కుటుంబం పేరు చెప్పినా, 'ఇది అవసరం లేదు' అని నిర్మొహమాటంగా రాయండి. వినేవాళ్లలో అలాంటి ఇంటి నుంచి వచ్చినవాళ్లు ఉండొచ్చు. ఈ అంశం మీద మాట్లాడేవాళ్లు చివర్న 14416 అనే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య) సహాయ నంబరు చెప్పడం మంచి పద్ధతి. చెప్పి ఉంటే మెచ్చుకోండి.

ప్రశ్న: ప్రతి స్లైడ్ మీదా అంకెలే. కింద 'సోర్స్: గూగుల్' అని ఉంటుంది. ఇవన్నీ సరిచూసి రాయాలంటే మాకంత టైం ఎక్కడిది?
– డిగ్రీ చివరి సంవత్సరం, ఆదోని

సమాధానం: అన్నీ అక్కర్లేదు, ఒక్కటి సరిచూడండి. ప్రసంగం మొత్తం ఏ అంకె మీద నిలబడిందో అది. ఎవరు తీసిన లెక్క, ఏ ఏడాదిది, వందకు ఇంత అంటే ఏ వందమందిలో అని మూడు ప్రశ్నలు వేయండి. గూగుల్ అనేది వెతుక్కునే చోటు, లెక్క తీసేది వేరే ఎవరో.

ఎక్కువగా బోల్తా కొట్టేది మూడో ప్రశ్న దగ్గరే. బాల్య వివాహాల సెమినార్లలో '29 శాతం' అనే అంకె కనిపిస్తూ ఉంటుంది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన 29.3 శాతం అది. స్లైడ్ మీద మాత్రం 'మన రాష్ట్రంలో ఇప్పుడు వందమంది బాలికల్లో 29 మందికి పెళ్లిళ్లు చేస్తున్నారు' అని ఉంటుంది. సర్వే చెప్పింది వేరు. అప్పటికి 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో, 18 నిండకముందే పెళ్లయినవాళ్లు అంతమంది. అంటే అందులో కొన్ని పెళ్లిళ్లు సర్వేకు ఏడెనిమిదేళ్ల ముందే జరిగినవి. సమస్య తీవ్రత దీనివల్ల తగ్గిపోదు. 'ఇప్పుడు' అనే మాట మాత్రం నిలవదు. 'అంకె సరైనదే, చదివిన తీరులో తేడా వచ్చింది' అని రాస్తే వక్త నొచ్చుకోడు, మీరు చదివి రాశారని సార్‌కూ తెలుస్తుంది.

మన జిల్లాల విషయంలో ఇంకో గుంట ఉంది. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అంటే నంద్యాల కూడా కలిసి ఉన్న జిల్లా. అనంతపురం అంటే హిందూపురం, కదిరి, ధర్మవరం కూడా. 2022 ఏప్రిల్‌లో విడిపోయాక వచ్చిన అంకె పక్కన 2011 అంకె పెట్టి 'ఇంత తగ్గింది' అంటే, తగ్గింది జిల్లా విస్తీర్ణమే అయుండొచ్చు. ఆదోనివాళ్లు ఇది ఇట్టే పట్టేయగలరు.

ప్రశ్న: నా రూంమేట్ వరకట్నం మీద సెమినార్ ఇచ్చాడు. 'చట్టాలన్నీ ఆడవాళ్ల వైపే, అసలు తప్పు కట్నం ఇచ్చేవాళ్లదే' అన్నాడు. నాకు ఒప్పుదల లేదు. కింద నా పేరు పెట్టి రాయాలి, సాయంత్రానికి అదే గదికి పోవాలి.
– డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు

సమాధానం: నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ పక్షం లేకుండా ఎదుటివాణ్ని పడగొట్టడానికే చేసేది వితండం. మన పెద్దలు ఎప్పుడో చేసిన విభజన ఇది. మీరు రాయాల్సింది మొదటిది. దానికి పూర్వపక్షంతో మొదలుపెట్టాలి. మీ రూంమేట్ వాదనను ఆయనే చదివి 'ఔ, నేనన్నది ఇదే' అని తలూపేలా మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. ఇది కుదరకపోతే ఆయన ప్రసంగం మీరు సరిగా వినలేదన్నమాట, ఖండన అప్పుడే మొదలుపెట్టొద్దు.

తర్వాత అందులో నిలిచే ముక్కను ఒప్పుకోండి. 1961 వరకట్న నిషేధ చట్టం మూడో సెక్షన్ ప్రకారం తీసుకోవడంతోపాటు ఇవ్వడమూ నేరమే. కాబట్టి ఇచ్చేవాళ్ల ప్రస్తావన తేవడం అసంగతం కాదు. కానీ అదే చట్టం ఏడో సెక్షన్‌లో, బాధితులు ఇచ్చిన వాంగ్మూలాన్ని పట్టుకుని వాళ్ల మీదే కేసు పెట్టకూడదని ఉంది. ఇచ్చేవాళ్లంతా ఇష్టపడి ఇవ్వరని చట్టానికీ తెలుసు. 'ఇచ్చేవాళ్లది కూడా' అన్నంతవరకు ఆయన మాట నిలిచింది, 'ఇచ్చేవాళ్లదే' అన్నచోట జారింది. 'చట్టాలన్నీ' అన్నదానికి ఆయన ఎన్ని చట్టాలు చూపించాడో లెక్కపెట్టి రాయండి, వ్యాఖ్య అక్కర్లేదు.

రాతలో 'నువ్వు' గానీ పేరు గానీ వద్దు, 'వక్త' అనండి. 'వక్తకు తెలియదు' అనే బదులు 'ప్రసంగంలో రాలేదు' అనండి. ఇచ్చేముందు రాత్రి గదిలోనే "రేయ్, ఇట్ల రాసినా, ఒకసారి సూడు" అని చేతికివ్వండి. నోటీసు బోర్డు మీదో, సార్ నోటి నుంచో తెలిస్తేనే మనస్పర్థలు.

ప్రశ్న: ఒకబ్బాయి తాగునీటి సమస్య మీద మొత్తం సీమ మాటల్లోనే మాట్లాడాడు. 'నీళ్లు ల్యాకుండా ఎట్ల బతకల్ల?' అన్నప్పుడు వెనక బెంచీలవాళ్లు నవ్వారు. భాష బాగాలేదని రాయాలా?
– ఎం.ఏ. విద్యార్థిని, అనంతపురం

సమాధానం: వద్దు. బాగుందని ఊరికే మెచ్చుకోవడం కూడా వద్దు, అదీ ఒక రకం చిన్నచూపే. ఆ భాష ఎక్కడ ఏం పనిచేసిందో చూడండి. నవ్వు మొదటి రెండు నిమిషాల్లోనే ఆగిపోయిందా, చివరిదాకా ఉందా? మొదట నవ్వినవాళ్లే నాలుగో నిమిషంలో నిశ్శబ్దమైతే, ఆ ప్రసంగం సాధించిన దాంట్లో అదే పెద్దది. ఏ మాటకు నిశ్శబ్దమయ్యారో రాసుకున్నారా?

వేరే ప్రాంతం నుంచి వచ్చిన అధ్యాపకులు ఉంటే మడక, గుంటక, బుడ్డలు లాంటి మాటలు వాళ్లకు అందాయా అన్నది ఇంకో అంశం. వక్త ఆ మాట చుట్టూ సందర్భం అల్లి అర్థం చేయిస్తే నేర్పు. వదిలేస్తే ఆ ఒక్కరికి అక్కడ తెగిపోయింది. ఇలాంటి ప్రసంగాలు సాధారణంగా దెబ్బతినేది సీమ మాటల వల్ల కానేకాదు. ఆరు నిమిషాలు ఇంటి మాటల్లో చెప్పి, ముగింపుకొచ్చేసరికి 'కావున మనమందరము కంకణబద్ధులము కావలెను' అని పుస్తకం మాటల్లోకి దూకుతారు. అప్పటిదాకా మాట్లాడిన మనిషి మాయమై పాఠ్యపుస్తకం మాట్లాడినట్టవుతుంది. అలా జరిగి ఉంటే ఆ వాక్యం ఎత్తి రాయండి.

ప్రశ్న: స్లైడ్ల గురించి కూడా రాయాలా?
– బీఈడీ, కడప

సమాధానం: మాటతో పోటీ పడితేనే. స్లైడ్ మీద ఉన్నదే వక్త చదువుతుంటే, వినేవాళ్లు కళ్లతో ముందే చదివేసి ఖాళీగా కూర్చుంటారు. ఆరు వరసలు దాటినా, అక్షరం 28 పాయింట్ల కంటే తగ్గినా వెనక బెంచీకి అందదు. రంగులు, బొమ్మలు బాగున్నాయని రాసి మీ 350 మాటల్లో చోటు పాడుచేసుకోకండి.

ప్రశ్న: ఏఐతో రాయిస్తే దొరికిపోతామా?
– పేరు రాయలేదు, కర్నూలు

సమాధానం: దొరుకుతారు. అది మీ క్లాసులో కూర్చోలేదు. ఎన్నో నిమిషంలో ఎవరు నవ్వారో, ఏ మాట దగ్గర వక్త తడబడ్డాడో దానికి తెలియదు గనక 'ప్రసంగం ఆలోచింపజేసేలా సాగింది' అని రాసిపెడుతుంది. మీ సార్ అలాంటివి ఇప్పటికి చాలా చదివి ఉంటారు. మూడు గడుల నోట్సు మీది అయ్యి, రాసింది మీరై ఉంటే, అక్షరదోషాలు చూడమని అడగడం వరకు ఇబ్బంది లేదు, మీ కాలేజీ నియమం ఒప్పుకుంటే.

ప్రశ్న: మా క్లాసులో 40 మంది. అందరిచేతా సెమినార్లు ఇప్పించి, ఒకరి మీద ఒకరు పరిశీలన రాయించాలని ఉంది. పోయినసారి స్నేహితులకు స్నేహితులు పొగడ్తలు రాసుకున్నారు, అన్నీ ఆఖరి రోజే వచ్చి పడ్డాయి. ఎలా నడపాలి?
– అధ్యాపకురాలు, కడప జిల్లా

సమాధానం: ముందు టైం లెక్క వేసుకోండి మేడం. ఒక్కొక్కరికి 8 నిమిషాల ప్రసంగం, 3 నిమిషాలు అందరూ మౌనంగా రాసుకోవడం, 4 నిమిషాలు ప్రశ్నలు, మొత్తం 15. యాభై నిమిషాల పీరియడ్‌లో ముగ్గురు పడతారు, హాజరుకు 5 నిమిషాలు మిగులుతాయి. 40 మందికి 14 పీరియడ్లు. వారానికి రెండు కేటాయిస్తే ఏడు వారాలు.

ఆ మూడు నిమిషాల మౌనం ఎట్టి పరిస్థితుల్లోనూ ఎత్తేయకండి. ప్రసంగం అయిన వెంటనే ప్రశ్నలకు వదిలితే, మొదట లేచిన విద్యార్థి అభిప్రాయమే క్లాసు అభిప్రాయమైపోతుంది. చప్పట్లు కూడా ఆ మూడు నిమిషాల తర్వాతే.

ఒక్కొక్కరు 39 మంది మీదా రాయనక్కర్లేదు, నలుగురి మీద చాలు. ఆ నలుగురెవరో వాళ్లను ఎంచుకోనివ్వద్దు. రోల్ నంబరుకు 5, 12, 19, 27 కలపండి, 40 దాటితే 40 తీసేయండి. 8వ నంబరు 13, 20, 27, 35 మీద రాస్తుంది. 38వ నంబరు 3, 10, 17, 25 మీద. ఈ నాలుగు అంకెలతో ఇద్దరు ఒకరి మీద ఒకరు రాసుకునే జత ఒక్కటీ ఏర్పడదు, కాబట్టి 'నువ్వు నాకు, నేను నీకు' అనే బేరం ఉండదు. ప్రతి వక్తకూ సరిగ్గా నాలుగు పత్రాలు అందుతాయి. ఆ రోజు రాయాల్సినవారు రాకపోతే వారి తర్వాతి నంబరు రాయాలి.

మార్కులు పదికి వేస్తే, వక్త మాటలు, నిమిషాలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తి చూపినందుకు 3, అది ఎందుకు పనిచేసిందో లేదో కారణం చెప్పినందుకు 4, ఒక అంకెనో వాస్తవాన్నో సరిచూసినందుకు 2, తాను మార్చుకోబోయేది చెప్పినందుకు 1. పొగడ్తకూ తెగడ్తకూ సున్నా. ఈ పత్రాల్లో ఉన్నదాన్ని బట్టి వక్త మార్కులు మారవని మొదటి రోజే క్లాసులో ప్రకటించండి. మారతాయన్న అనుమానం ఒక్కరికి వచ్చినా ఎవరూ ఎవరి తప్పూ రాయరు.

పత్రాలు మరుసటి ఉదయం హాజరప్పుడే తీసుకోండి. ఆలస్యమైతే మార్కు తగ్గించడం కంటే, నోట్సు పేజీని కూడా పత్రానికి జతచేయమనడం బాగా పనిచేస్తుంది. ఆఖరి రోజు కూర్చుని మూడు గడులు కల్పించడం రాసుకోవడం కంటే కష్టం. నాలుగు పత్రాలూ వక్తకు ఇచ్చేసి, అందులో ఒప్పుకున్నది ఒకటి, ఒప్పుకోనిది ఒకటి, కారణాలతో నాలుగు వరసల్లో రాసి తిరిగి ఇమ్మనండి. ఆ నాలుగు వరసలకు వేరే మార్కులు వద్దు, హాజరు పట్టీలో ఒక టిక్కు చాలు.